దసరాకి పేలాల్సిన తుపాకి

మేం ఉన్నచోటే ఉండగా మా రాష్ట్రం మారిపోయింది. నిన్నటిదాకా మద్రాసుకి అర్జీలు రాసుకున్న బరంపురం గుమాస్తాలు తెల్లారేసరికి కటకం వైపు తిరిగి కూర్చున్నారు. నేను కూడా నా ఇనపసామాన్ల కొట్టు మీద తెలుగు బోర్డు పక్కనే ఒరియా బోర్డు కట్టించాను. దానిమీద పెయింటరు వేసిన మేకుల బొమ్మ ఎంత బాగా కుదిరిందంటే, ఒక కాకి మేకు మీద వాలబోయి జారి కిందపడి కాలు విరగ్గొట్టుకుంది. కాకి సంగతి మీరు నమ్మకపోయినా నాకేం బాధ లేదు. బోర్డు సంగతి నిజం. తుపాకి సంగతి అంతకంటే నిజం.

కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటేడు, వానలు మొదలైన రోజుల్లో, మా వీధి చివరుండే తుపాకుల మేస్త్రి నా కొట్టుకొచ్చి మేకుల డబ్బా మీద కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. తుపాకులు బాగుచేసే లైసెన్సు ఉన్న కొద్దిమందిలో ఆయనొకడు. కులాలు వేరైనా నేను ఆయన్ని మావా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. నాకు ఇవ్వడానికి ఆయనకి కూతురు లేదు కాబట్టి ఆ వరస నిశ్చింతగా నిలిచింది.

“అల్లుడా, నా బూఁవి పోతాది,” అన్నాడు.

“ఏటైంది మావా?”

“సిన్నబాబు దసరాకి తుపాకి పేలస్తాడట. ఆయన సేత్తోనే. అందరి ముందరా.”

“పేలస్తే పేలస్తాడు. నీకేటి?”

“తుపాకుంటే కదరా పేలడానికి!”

ఆ మాట అనేసి అటూ ఇటూ చూశాడు. కొట్టులో నేనూ, తూకం రాళ్ళూ తప్ప ఎవరూ లేం. అప్పుడు మొత్తం చెప్పుకొచ్చాడు.

పొలసర దగ్గర ఒక చిన్న జమీందారీ ఉంది. ఆ జమీందారు ముత్తాత మా మావ ముత్తాతకి రెండెకరాల పల్లం మాన్యంగా ఇచ్చాడు. అందుకు చెయ్యాల్సిన పని ఒక్కటే. కుంపిణీ కాలంలో ఆ ఇంటికి వచ్చిన పొడుగాటి పిట్టల తుపాకిని తన ఇంట్లో పెట్టుకుని పదిలంగా చూడాలి, ఏటా దసరానాడు తీసుకెళ్ళి పేల్చాలి. అది చెకుముకి తుపాకి. తూటా లేదు, క్యాపు లేదు. మీట నొక్కితే గుర్రం అనే కొక్కెం ముందుకి దూకుతుంది. దాని నోట్లో కరిచిపెట్టిన చెకుముకి రాయి ఎదురుగా ఉన్న ఉక్కు పలకని గీరుతుంది. రవ్వలు రాలి కిందున్న చిన్న గిన్నెలోని రంజకం మందు మీద పడతాయి. అక్కణ్ణించి నిప్పు గొట్టంలోకి పోయి మోత మోగుతుంది. రాయి పుట్టించిన నిప్పుతో ఆ మోత మోగాకే ఆ ఇంట్లో ఆయుధ పూజ మొదలవ్వాలి. అదీ ఆనవాయితీ.

ఇరవయ్యేళ్ళ కిందట తుఫానులో మావ ఇల్లు కూలింది. తుపాకి పెట్టె నీళ్ళలో కొట్టుకుపోయి రెండు వీధుల అవతల దొరికింది. తుపాకి దొరకలేదు. మావ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరం కూడా రాలేదు, ఎందుకంటే అప్పటి జమీందారుగారికి మోత అంటే చచ్చేంత భయం. “అదేదో తోటగోడ అవతల కానివ్వండి” అని ఆర్డరు వేసి, తను లోపలి గదిలో చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేవారు. మావ ఖాళీ పెట్టెని పట్టుబట్టలో చుట్టి భక్తిగా మోసుకెళ్ళి, గోడ అవతల ఇనప గొట్టంలో మందు కూరి గర్నాలు పేల్చి, మళ్ళీ ఖాళీ పెట్టెని భక్తిగా మోసుకొచ్చేవాడు. ఇరవై దసరాలు!

నేను లేచి ఆయనకి దణ్ణం పెట్టాను. అబద్ధాలు ఆడటంలో నాకు ఊళ్ళో కాస్త పేరుంది గానీ, నోరు విప్పకుండా ఇరవయ్యేళ్ళు నిలబెట్టిన అబద్ధం నేనెరగను.

ఆ జమీందారుగారు కిందటేడు పోయారు. కొడుకు కాలేజీ చదువు చదివి తిరిగొచ్చాడు. ఇంటి హాల్లో వాళ్ళ ముత్తాత రంగుల బొమ్మ ఉంది, చేతిలో ఆ తుపాకితో. ఈ చిన్నబాబుకి అలాగే నిలబడి, అదే తుపాకి భుజానికెత్తి, కటకం నుంచి వచ్చే అతిథుల ముందు పేల్చాలని కోరిక పుట్టింది. మావని పిలిచి చెప్పాడట: “తుపాకి బొమ్మలో ఉన్నట్టే ఉండాలి, పేలాలి. పేలకపోతే తుపాకి కాపాడినందుకిచ్చిన మాన్యం మీకెందుకు? పొలం తిరిగి తీసేసుకుంటాను.”

“నిజం సెప్పీకూడదా మావా?”

“సెప్తే బూఁవీ పోద్ది, పరువూ పోద్ది. నా కళ్ళు సూడు అల్లుడా, మరమేకులో గాడి కనబళ్ళేదు. ఈ పని ఇంకెన్నాళ్ళు సేస్తాను? ఆ రెండెకరాల వడ్లే నాకూ మీ అత్తకీ కూడు.”

దసరాకి మూడు నెలల పైన ఉంది. “అయితే సేసీద్దాం,” అన్నాను.

“ఏటి సేసేది! నాకున్నది బాగుసేసే లైసెన్సు. కొత్త తుపాకి సేస్తే జైలు.”

“కొత్తదెందుకు మావా? గొట్టం ఒక ఊళ్ళో ఉంటాది, గుర్రం ఇంకో ఊళ్ళో ఉంటాది, కర్ర మరో కాడ ఉంటాది. తుపాకి ఉంది. ముక్కలు దూరదూరంగా ఉన్నాయంతే. ఆ దూరాన్ని మనం బాగుసేస్తాం.”

మావ “నీ నోరు కొయ్యా,” అని నవ్వాడు. అలా మొదలైంది.

ముందు కొలత కావాలి. పెట్టె అందుకు పనికిరాదు, తుపాకి అందులో అటూ ఇటూ దొర్లేదట; మావ చేతికి వాటం గుర్తుంది గానీ పొడుగు గుర్తులేదు. దసరా ఏర్పాట్లు అడగడానికి వచ్చామని చెప్పి పొలసర వైపు బస్సెక్కి ఆ ఇంటికెళ్ళాం. బొమ్మ నిలువెత్తుది కాదు, కిటికీ అంత ఉంది. అందులో ముత్తాతగారు కుర్చీ పక్కన నిలబడి ఉన్నారు. తుపాకి నేల నుంచి ఆయన గడ్డం దాకా వచ్చింది. కానీ ఆయన గడ్డం నేలకి ఎంత ఎత్తులో ఉండేదో ఎవరికి తెలుసు? నేను దిగాలు పడ్డాను. మావ మాత్రం హాలు నలుమూలలా చూసి నా మోచెయ్యి గిల్లాడు. బొమ్మలో ఉన్న కుర్చీ, ఆ సింహం కాళ్ళ కుర్చీయే, కిటికీ దగ్గర ఉంది. మావ మొలతాడులోంచి దారం తీసి బొమ్మలో కుర్చీని కొలిచాడు, తుపాకిని కొలిచాడు, తర్వాత అసలు కుర్చీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని దాన్నీ కొలిచాడు. తుపాకి ఒక కుర్చీన్నర కంటే నాలుగు వేళ్ళు తక్కువ. మొత్తం పని అంతా మేం కుర్చీల లెక్కనే చేశాం.

ఆయన అలా కుర్చీ కాళ్ళు కొలుస్తుండగా రాణీగారు, అంటే చిన్నబాబు తల్లి, హాల్లోకి వచ్చారు. ఆవిణ్ణి గుమ్మంలోనే ఆపాల్సిన పని నా మీద పడింది. ఆ ఇంట్లో మాటలన్నీ ఒరియాలోనే, నేను తెలుగులో పెడుతున్నాను; మన ‘అండీ’ లాంటి వాళ్ళ ‘ఆజ్ఞ’ని మాత్రం అలాగే ఉంచాను.

“ఆ ముసలాయన నేల మీద ఏం వెతుకుతున్నాడు?”

“ఆజ్ఞ, దణ్ణం పెట్టుకుంటున్నాడు. ఆ తుపాకి అంటే ఆయనకి అమ్మవారే కదండీ.”

“అమ్మవారా?”

నోరు ఒకసారి తెరిచాక మూసుకోవడం నా జాతకంలో లేదు. “మీకెవరూ చెప్పలేదా, ఆజ్ఞ? గుర్రానికి ఎదురుగా ఉక్కు పలక ఉంటుందే, అది అమ్మవారి మొహం. మీ ముత్తత్తగారు స్వయంగా దానికి పసుపు పూసి కుంకుమ పెట్టేవారట. ఆ బొట్టు పెట్టిన ఏడాది ఒక్క మోతకే చిలికా కొంగలన్నీ లేచి ఎండ కనపడకుండా ఆకాశం కమ్మేశాయట.”

రాణీగారు రెండు చేతులూ జోడించారు. ఈలోగా మావ కొలత అయిపోయింది. ఆ కబురు చెప్పినందుకు నాకో గ్లాసు చల్ల, రెండు అరిసెలు దొరికాయి. బస్సులో మావ, “అంత సేపు ఏటి సెప్పినావురా?” అనడిగాడు. “ఏదో” అన్నాను.

గొట్టం గోపాల్‌పూర్‌లో దొరికింది. పూర్వం ఓడలొచ్చిన రోజుల్లో కట్టిన ఒక బంగళాలో ముసలి దొరసాని బోర్డింగు నడిపేది. ఆవిడ భోజనాల గదిలో కిటికీ తెరకి కడ్డీగా వేలాడుతోంది మాక్కావాల్సిన తుపాకి గొట్టం. ఏనాడో ఎవరో మేకు కొట్టి ఎక్కించారు, తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేను ఆవిడకి మా కొట్లోంచి తళతళలాడే ఇత్తడి కడ్డీలు నాలుగు ఇచ్చి, ఈ తుప్పుపట్టినదాన్ని నేనే పారేస్తానని పుణ్యం కట్టుకున్నట్టు మాట్లాడాను. మావ దాన్ని బయటికి తెచ్చి, ఒక చివర వేలు మూసి రెండో చివర నుంచి ఊది, వాసన చూశాడు.

“ఏటి మావా?”

“బాతుల్ని సంపిన వాసనొస్తాంది. ఇది మంచిదే.”

అక్కడే ఒడ్డున, పాత ఓడలు బరువుకి తెచ్చి పారబోసిన పరాయి దేశం రాళ్ళలో చెకుముకి ముక్కలు కూడా ఏరుకున్నాం.

ఇంక గుర్రమూ, ఉక్కు పలకా, వాటిని పట్టి ఉంచే రేకూ. వాటి జాడ మావకే తెలుసు. మావ చిన్నప్పుడెప్పుడో వాళ్ళ నాన్న ఒక విరిగిన చెకుముకి తుపాకి లోంచి అవి ఊడదీసి, నిప్పు రాజేసుకోవడానికి పాత్రపూర్‌లో ఒక రైతుకి ఇచ్చాడట. వానలో తడుస్తూ పాత్రపూర్ వెళ్ళాం. ఆ రైతు పోయాడు. భార్య ఉంది, ఎనభై ఏళ్ళ ముసలమ్మ. అరుగు మీద కూర్చుని అడ్డపొగ చుట్ట కాలుస్తోంది, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. మేం వెతుకుతున్న వస్తువు ఆవిడ ఒళ్ళో ఉంది. మేం చూస్తుండగానే కొత్త చుట్ట తీసి, దూది పెట్టి, మీట నొక్కింది. టక్కున నిప్పు. అరవయ్యేళ్ళ నుంచి రోజుకి పది చుట్టలు ముట్టించిన గుర్రం అది. పిట్టల్ని వేటాడిన తుపాకి ఏదైనా అంత పని చేసి ఉండదు.

“మామ్మా, అది మాకిచ్చీ. దానికి బదులు ఏడాదికి సరిపడా అగ్గిపెట్టెలిస్తాను,” అన్నాను.

“అగ్గిపెట్టెలు నాకెందుకు? ఈ వానకి నాని సస్తాయి. ఇది నానుతాదేటి?”

“మరేటి కావాల సెప్పు.”

ఆవిడ చుట్ట తీసి నా చేతికేసి చూసింది. కొత్త గొడుగు, వంకీ పిడి ఉన్నది, నాలుగు రోజుల కిందట కొన్నాను. “ఆ గొడుగు సూపించు. ఇప్పు. మూయి. బాగున్నాది.” ఇంక ఆ గొడుగు నాకు తిరిగి రాలేదు. అగ్గిపెట్టెలు కూడా వదల్లేదు. “గొడుగు కింద కూకుంటే అగ్గిపుల్ల ఆరదు కదేటి,” అని లెక్క కట్టి చెప్పింది. తడిసి ముద్దై ఇల్లు చేరాం. మావ ఆ వస్తువుని దారంతా పొట్టమీద, పంచె కింద దాచుకున్నాడు.

కర్ర గురించి అయితే మేం ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ పొడుగున పగుళ్ళు లేని ముదురు ఇరుగుడు చెక్క బజార్లో లేదు. మావ ఇంట్లో ఉంది. నేను ఒకరోజు పొద్దున్న వెళ్ళేసరికి అత్త వాకిట్లో నిలబడి వీధికంతకీ వినపడేట్టు అరుస్తోంది.

“సూసినావా అల్లుడా! నా పెళ్ళి మంచం! మా నాయిన ఇచ్చిన పట్టెమంచం! తలకాడ పలక కోసీసినాడు మీ మావ!”

“మంచం పోతే సేపలాగ సాప మీద పడుకుందుం గానీ, పొలం పోతే ఏటి తిందుమే?” లోపల్నించి మావ.

“సాప మీద నువ్వు పడుకో. నాను మిగిలిన సగం మంచం మీద పడుకుంతాను.”

నిజంగానే పడుకుంది. తల వైపు బియ్యం బస్తా పెట్టుకుని.

నెలన్నర పట్టింది. నాకు మహా అయితే ఒక గంటలో అయిపోతుందనిపించిన పని. గొట్టం, గుర్రం, కర్ర మూడూ మూడు రకాల మనుషుల్లా ఒకదాని మొహం ఒకటి చూడనన్నాయి. గుర్రం రేకు ఒకప్పుడు వేరే తుపాకిది, దాని వంపు వేరు. మావ కర్రలో గాడి తొలిచి, దీపం మసి రేకుకి పూసి, నొక్కి చూసి, మసి అంటిన చోటల్లా ఒక వెంట్రుకవాసి చెక్కేవాడు. కళ్ళకి కనపడనిది వేలికి కనపడేది. నేను సాయం చేద్దామని మా కొట్లోంచి కొత్త మరలు గుప్పెడు తెచ్చాను. ఆయన ఒకదాన్ని రెండు వేళ్ళ మధ్య తిప్పి పారేశాడు.

“దీని తలకాయ సూడు, నిన్న పుట్టినట్టున్నాది. ముత్తాతలు మిషిను మరలు ఎరుగుదురేటి? గాడి నడిమజ్జని ఉండకూడదు. సేత్తో తీసినట్టుండాల.” అని ఒక్కొక్క మరా ఆకురాయితో చేతిమీదే తీశాడు. తోటల్లో పిట్టల్ని కొట్టే తుపాకికి ఎంత సన్నం పిడి ఉండాలో, ఎక్కడ ఇత్తడి ఉండాలో, ఎక్కడ ఉండకూడదో, ఆయనకి చిన్నప్పట్నించీ పట్టుకున్న చేతి జ్ఞాపకం. నేను ఇత్తడి మీద నెమలి చెక్కిద్దామంటే కొట్టినంత పని చేశాడు. “ఆ ఇంటోళ్ళకి నెమలెక్కడిది? బొమ్మలో పువ్వుంది, పువ్వే.” చివరికి గొట్టానికి చింతపండు గుజ్జూ ఉప్పూ పట్టించి పేడగుంటలో వారం రోజులు పాతిపెట్టాం. తీసేసరికి నూటయాభై ఏళ్ళ గోధుమ రంగు తేలింది.

గోపాల్‌పూర్ ఇసకలో, మనుషులకి దూరంగా, గుండ్లు లేకుండా ఉట్టి మందు పెట్టి మావ పేల్చి చూశాడు. పేలింది. సముద్రం ఒక అడుగు వెనక్కి వెళ్ళింది. అది ఆటు సమయమని జాలర్లు అన్నారు గానీ నాకు తెలుసు.

దసరా వచ్చింది. జమీందారు ఇంటి ముందు పెద్ద వాకిలి, పందిరి, కుర్చీలు. కటకం నుంచి వచ్చిన అతిథులు అరడజను మంది, కొత్త రాష్ట్రం అధికారి ఒకాయన. చిన్నబాబు ముత్తాత తలపాగా లాంటిదే కట్టించుకున్నాడు. పెట్టె తెరిచాడు. తుపాకి తీసి, ఎత్తి చూసి, హాల్లోకెళ్ళి బొమ్మ పక్కన పట్టుకుని చూసి, మెరిసే మొహంతో బయటికొచ్చాడు. మావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకి నా ఉంగరం వంగింది.

మందు కూరడం, గిన్నెలో రంజకం పొయ్యడం మావే చేశాడు. చిన్నబాబు తుపాకి అందుకున్నాడు. అప్పుడు లోపల్నించి రాణీగారు పళ్ళెం పట్టుకుని వచ్చారు. పసుపు ముద్ద, కుంకుమ, గంధం.

“ఆగు నాయనా. అమ్మవారికి బొట్టు పెట్టనీ.”

నా గుండె జారి చెప్పుల్లో పడింది. ఆవిడ ఉక్కు పలక మీద తడి పసుపు గచ్చుకి సున్నం వేసినట్టు దట్టంగా పూశారు. దానిమీద రూపాయంత కుంకుమ బొట్టు. అమ్మవారికి తక్కువ చెయ్యకూడదని చెకుముకి రాయికి కూడా గంధం రాశారు. మావ ఏమీ అర్థంకాక నాకేసి చూశాడు. నేను పందిరి కేసి చూశాను.

చిన్నబాబు మీట నొక్కాడు. గుర్రం దూకింది. మెత్తగా, పిండిలో వేలు గుచ్చినట్టు చప్పుడైంది. రవ్వ లేదు. గుర్రాన్ని వెనక్కి లాగి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే. మూడోసారి కుంకుమ కాస్త ఆయన ముక్కు మీద పడింది. వెనక కుర్చీల్లో ఎవరో దగ్గారు, ఇంకెవరో నవ్వు ఆపుకున్నారు.

తుడిచేస్తే క్షణంలో పని. కానీ అమ్మవారికి పెట్టిన బొట్టు, అదీ ఇంటి ఆడపడుచులు చూస్తుండగా, దసరానాడు, ఎవరు తుడుస్తారు? దాని మీద చెయ్యి వెయ్యడానికి ఆ వాకిట్లో ఎవరికీ ధైర్యం లేదు.

చిన్నబాబు తుపాకి దించాడు. ఎర్రబడ్డ మొహంతో మావకేసి తిరిగాడు. “నాలుగు తరాలు మీరు కాపాడింది ఇదేనా?”

నేను నోరు తెరిచాను. ఒక కథ తయారుగానే ఉంది, గాలిలో తేమ గురించి. ఈలోగా మావే ముందుకెళ్ళాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకి కట్టుకున్నాడు.

“ఇది కాదు బాబూ. ఆ తుపాకి ఇరవయ్యేళ్ళ కింద తుపానులో పోయింది. నాను సెప్పనేదు. గోడవతల గర్నాలు పేల్చినాను. ఇది నాను సేసిన తుపాకి. నా బూఁవి మీద ఆశ కొద్దీ సేసినాను.”

 నేనూ పరిగెత్తుకెళ్ళి పక్కన నిలబడి నిజం మొదలుపెట్టాను: గొట్టం దొరసాని తెర కడ్డీ, గుర్రం ముసలమ్మ చుట్ట ముట్టించుకునేది, కర్ర అత్త పెళ్ళి మంచం, కొలతలు మీ హాల్లో కుర్చీ. నా జీవితంలో అంత పొడుగు నిజం ఎప్పుడూ చెప్పలేదు. కటకం అతిథులు ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి నవ్వారు. కొత్త రాష్ట్రం అధికారి కళ్ళు తుడుచుకుంటూ, “ఈయన భలే కథలు చెబుతాడే!” అన్నాడు. ఒక్క ముక్క నమ్మలేదు.

నమ్మింది రాణీగారే. ఆవిడ నాకేసి చూపు తిప్పారు. “అయితే అమ్మవారి మొహం?”

“అది నేను కల్పించాను, ఆజ్ఞ. అప్పుడు మావ కుర్చీ కొలుస్తున్నాడు.”

మావ మెల్లగా చెప్పాడు. “అది మొకం కాదు తల్లీ. ఉక్కు. తడి ఉంటే రవ్వ రాదు. తుడవడానికి సెలవియ్యండి. పేలితే పేలుతాది, నేకపోతే పొలం మీదే.”

 రాణీగారు పళ్ళెం పక్కన పెట్టి, ఉక్కు పలకకి ఒకసారి చేతులు జోడించి, “నేను పెట్టింది నేనే తీస్తాను, తప్పు నాకే తగులుతుంది,” అంటూ పట్టుచీర చెంగుతో పసుపంతా తుడిచారు. గంధం గోటితో గీరారు. ఆ పని చేస్తున్నంతసేపూ నాకేసే చూస్తున్నారు. 

మావ ఉక్కునీ రాయినీ పొడి గుడ్డతో రుద్ది, గిన్నెలో కొత్త రంజకం పోసి పక్కకి తప్పుకున్నాడు. ఇప్పుడు చిన్నబాబు చేతిలో ఉన్నది తన ముత్తాతది కాదని ఆయనకి తెలుసు. కాల్చకుండా విసిరేసినా ఎవరూ కాదనరు. ఆయన తుపాకి తిప్పి మరలు చూశాడు. పువ్వు చూశాడు. కర్ర మీద బొటనవేలు నడిపించాడు.

“ఇవన్నీ చేత్తోనే తీశావా?”

“సేత్తోనే బాబూ.”

భుజానికెత్తి నొక్కాడు. టక్, బుస్, ఢాం! పందిరి మీది పావురాలు, కుర్చీల్లోని అతిథులు ఒకేసారి లేచారు. పొగ తొలిగేసరికి చిన్నబాబు తలపాగా వెనక్కి పడి ఉంది, ఆయన పళ్ళన్నీ కనబడుతున్నాయి. లోపల శంఖం ఊదారు. పూజ మొదలైంది.

తీర్పు చిన్నబాబు భోజనాల తర్వాత చెప్పారు, హాల్లో, ఆ కుర్చీలోనే కూర్చుని. “ఇరవయ్యేళ్ళు మా నాన్నగారిని మోసం చేశావు. తుపాకి పోగొట్టావు. దానికి శిక్ష ఉండాలి. ఈ ఏటి పంట ఠాకురాణీ అమ్మవారి గుడికి. ఒక్క గింజ ఇంటికి తీసుకెళ్ళకూడదు.” మావ తల ఊపాడు. “పొలం మాత్రం, తుపాకి ఉన్నన్నాళ్ళూ నీదే. తుపాకి ఇక్కడే ఉంటుంది. నెలకోసారి వచ్చి నువ్వే నూనె పెట్టాలి.” నాకేసి తిరిగి, “మీరు మా అమ్మ ఉన్నప్పుడు ఈ ఇంటికి రాకండి,” అన్నారు. అదీ న్యాయమే.

బస్సుకింకా టైముంది. మావ పొలం చూసొద్దామన్నాడు. గట్టు మీద నిలబడ్డాం. వరి నడుములోతు ఎదిగి కంకులు వంగి ఉన్నాయి. గాలికి ఆ పచ్చదనం అంతా ఒక పక్కకి ఒరిగి లేస్తోంది. మావ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని చూశాడు.

“సూసినావా అల్లుడా. ముప్పయ్యేళ్ళలో ఇలగ పండనేదు. ఈ యేడే పండాలా!”

అంటూనే పంచె ఎగ్గట్టి పొలంలోకి దిగాడు. వరి మధ్య ఊద గడ్డి పీకి గట్టు మీదికి విసరడం మొదలెట్టాడు.

“మావా, పంట గుడికి పోతాంది కదా. నీకెందుకు కలుపు?”

ఆయన నడుం ఎత్తకుండానే ఇంకో గుప్పెడు పీకాడు. “పంట గుడిది. బూఁవి నాదిరా.”

నేనూ చెప్పులు విప్పి దిగాను.